పెట్టె మీద లేని పేరు

ఆదివారం పొద్దున్న ఆరిన బట్టలు మడత పెడుతుంటే, పేపరు చాటు నుంచి భర్త అన్నాడు: "ఎంతైనా మడతలు నీలాగా ఎవరికీ రావు." ఆయన పొగడ్తలన్నీ ఇంతే. ఏ పనిని పొగిడాడో ఆ పని ఇక జన్మంతా ఆమె నెత్తినే. పెళ్లయిన కొత్తలో చపాతీలు పొగిడాడు, తర్వాత ఇస్త్రీ, ఆ తర్వాత వాళ్లమ్మ మందుల వేళలు.

ఆమెకి కోపం రాలేదు, నవ్వొచ్చింది. ఆమె పనిచేసే ప్రయోగశాలలోనూ గొడవంతా మడతలదే. కణంలో కొత్తగా పుట్టిన ప్రోటీన్లు సరిగ్గా మడత పడటానికి సాయంపట్టే ప్రోటీన్ల కుటుంబం ఒకటుంది, ఇమ్యునోఫిలిన్లని పేరు. అందులో ఒకటి మోతాదు మించితే, ఒంట్లోకి వచ్చిన ఒత్తిడి ఒక పట్టాన దిగిపోదని ప్రొఫెసరుగారి అనుమానం. దాన్ని పట్టుకుని కూర్చోబెట్టే మందు కోసం నాలుగేళ్లుగా వెతుకుతున్నారు. ఆ ప్రోటీన్‌ను శుభ్రంగా వేరు చేసి, గొట్టాల్లో నింపి ఇచ్చేది మాత్రం ఆమె. పదకొండేళ్లుగా శాలువా కప్పుకుని, ప్రోటీన్లు పాడవకుండా ఉంచే చలిగదిలో నిలబడుతుంది కాబట్టి అక్కడ అందరికీ ఆమె "చలిగది అక్క". ఇంట్లో మాత్రం భర్త లెక్కలో ఆమె సీసాలు కడిగే మనిషి.

కిందటి నెల అత్తగారికి జ్వరమొచ్చి ఆసుపత్రిలో పెట్టినప్పుడు ఆ లెక్కే పైకి తీశాడు. "నాకు సెలవు దొరకదు. నీదేముంది, సీసాలు ఎవరైనా కడుగుతారు." పది రోజులు ఆమే సెలవు పెట్టింది. ఆ పది రోజుల్లో కొత్త మందు మీద చేసిన మూడు పరీక్షలూ బెడిసికొట్టాయి. మందు ప్రోటీన్‌కి అంటుకోనేలేదట. నాలుగేళ్ల కష్టం గంగలో కలిసిందని ప్రొఫెసరుగారు తల పట్టుకున్నారు.

తిరిగొచ్చిన రోజు ఆమె మందు గొట్టాన్ని వెలుగుకి ఎత్తి చూసింది. విషయం అర్థమైపోయింది. ఆ మందు కలిపే ద్రవం ఫ్రిజ్‌లో పెడితే చలికాలం కొబ్బరినూనెలా గడ్డ కడుతుంది. మందేమో అడుగున తెల్లగా పేరుకుపోతుంది. అక్కడ పరిశోధన చేసే పిల్లలు అది సగం కరగగానే తొందరపడి పైతేట తీసుకుని పరీక్షలు చేశారు. పాపం వాళ్ల తప్పు కూడా కాదు. ప్రతిసారీ ఆమె ఆ గొట్టాన్ని గుప్పిట్లో పెట్టుకుని, అడుగున తెలుపంతా పోయేదాకా తిప్పి తిప్పి ఇచ్చేది. ఆ సంగతి ఏ పుస్తకంలోనూ లేదు. ఆమె రాయలేదు, ఎవరూ అడగలేదు. తన వేడి కూడా ఒక పనేనని ఆమెకే తోచలేదు.

మళ్లీ చేస్తే మందు చక్కగా అంటుకుంది. "నీ చెయ్యి మంచిదమ్మా!" అని ప్రొఫెసరుగారు పొంగిపోయారు. శుక్రవారం పరిశోధన పత్రం చిత్తుప్రతి అందరికీ పంపారు. పైన ఆరు పేర్లు. చిట్టచివర "సహకరించిన సిబ్బందికి కృతజ్ఞతలు". పత్రం సోమవారం పత్రికకి వెళ్లిపోతుంది. ఒకసారి వెళ్తే ఇక పేరు చేర్చరు. రెండు రోజులుగా ఆ వాక్యం ఆమెకి పంటికింద రాయిలా తగులుతోంది. అడిగితే ఏమనుకుంటారోనని ఒక మనసు, అడక్కపోతే నన్ను నేనేమనుకోవాలని ఇంకో మనసు.

మడతలు పూర్తయ్యేసరికి ఎనిమిదైంది. మాత్ర, మంచినీళ్లు పట్టుకుని అత్తగారి గదిలోకి వెళ్లింది. ఆవిడకి ఐదేళ్ల క్రితం కిడ్నీ మార్చారు.

"ఇంత చిన్న మాత్ర నన్నెలా కాపాడుతోందే?" అంది అత్తగారు.

"మాత్ర ఒక్కదాని వల్ల కాదత్తయ్యా. లోపలికెళ్లి మా ప్రోటీన్ల కుటుంబంలోనే ఒకదాన్ని పట్టుకుంటుంది. ఆ రెండూ జతకడితేనే, పరాయి కిడ్నీ అని మీ ఒళ్లు దానిమీదకి యుద్ధానికి పోకుండా ఆపగలవు."

"అది లేకపోతే?"

"మాత్ర వచ్చిన దారినే పోతుంది."

అత్తగారు కళ్లజోడు పెట్టుకుని మందుపెట్టెను అటూ ఇటూ తిప్పి చూసింది. "మరి దాని పేరు పెట్టె మీద లేదేం?"

ఆమె నీళ్లగ్లాసు పక్కన పెట్టింది. తర్వాత మంచం మీద ఆవిడ పక్కన కూర్చుని, శుక్రవారం సంగతంతా చెప్పింది. అత్తగారు అంతా విని, "ఐతే అడుగు. నువ్వు అడగవనే కదా ఎవరూ పెట్టట్లేదు" అంది.

సోమవారం పొద్దున్నే ప్రొఫెసరుగారి గదికి వెళ్లింది.

"సార్, పద్ధతిలో ఒక మెట్టు రాయడం మరిచిపోయాం. అది లేకుండా ఎవరు చేసినా ఫలితం రాదు."

ఆమె వివరంగా చెబుతుంటే ఆయన ముఖం పాలిపోయింది. "గొప్ప సాయం చేశావమ్మా. వెంటనే రాసివ్వు."

"రాస్తాను. రాసే నా పేరు కూడా పైన ఉండాలి సార్. నా చెయ్యి మంచిదన్నారు. ఆ చేతికి ఒక మనిషుంది."

ఆయన కళ్లజోడు తీశారు, తుడిచారు, మళ్లీ పెట్టుకున్నారు. చివరికి కంప్యూటరు వైపు తిరిగి, మూడో పేరు తర్వాత వేలు పెట్టి ఆగిపోయారు.

"నీ... పూర్తి పేరేంటమ్మా?"

పదకొండేళ్లు. ఒకే కప్పు కింద. ఆమె నొచ్చుకోలేదంటే అబద్ధం. కానీ సంతోషం అంతకంటే పెద్దది. కీబోర్డు తన వైపు లాక్కుని, పుట్టింటి ఇంటిపేరుతో సహా తానే కొట్టింది.

ఆ సాయంత్రం మంచం మీద ఆరిన బట్టలు కుప్పగా పడి ఉన్నాయి. భర్త వాటినీ ఆమెనీ మార్చి మార్చి చూశాడు. ఆమె మాత్ర తీసుకుని అత్తగారి గదిలోకి వెళ్లింది.

"ఎక్కిందా?"

"ఎక్కిందత్తయ్యా. నాలుగోది."

అత్తగారు మాత్ర మింగి, మూతి తుడుచుకుని, గ్లాసు ఇచ్చేస్తూ అడిగింది.

"మొదటిది ఎప్పుడు?"