అడుగున మిగిలిన పిడికెడు

నేను ఒక సొరబుర్రను. లేతగా ఉన్నప్పుడే నన్ను కోసి కూర వండుకుని ఉంటే నా కథ ఆ పూటతోనే ముగిసేది. సంజమ్మ తల్లి నన్ను ముదరనిచ్చి, ఎండబెట్టి, లోపలి గుజ్జు గీకి, బూడిద కలిపిన నల్లకొర్ర విత్తనాలు పోసింది. సంజమ్మ కాపురానికి వెళ్తుంటే చీరెలతోపాటు నన్నూ పంపింది. ఆ చీరెలు ఎప్పుడో చిరిగిపోయాయి.

విత్తే వేళ నన్ను పూర్తిగా వంచకపోవడం వాళ్ల ఆచారం. పిడికెడు గింజలు అడుగున ఉంచి మూతికి గుడ్డ బిగిస్తారు. వానలు దండిగా పడిన ఏళ్లలోనూ అంతే. ఈ మనుషులకు తమ చేతిమీద తమకే నమ్మకం లేదని నవ్వుకునేదాన్ని.

చేను రోడ్డు కింద పోయాక సంజమ్మ నన్ను చంకన పెట్టుకుని గుత్తిలో కొడుకింటికి వచ్చింది. పెరట్లో నీళ్లతొట్టి పక్కన రెండు మంచాలంత నేల ఉంది. వాన పడగానే అక్కడే కొర్ర చల్లింది. అంగట్లో దొరికేవి పొట్టు తీసిన కొర్రలు. అవి అన్నానికి పనికొస్తాయి గానీ మొలవవు. తల్లి ఇచ్చిన విత్తనం బతకాలంటే ఇక ఆ పెరడే దిక్కు.

ఒకరోజు సంజమ్మ కళ్లు చూపించుకోవడానికి ఆస్పత్రికి వెళ్లింది. కోడలు శశికళ పనిమంతురాలు, పట్నంలో పెరిగిన పిల్ల. అత్త వచ్చేలోగా పెరడు శుభ్రం చేసింది.

"గడ్డి మొలిచింటే నున్నగా పీకేసినా అత్తా," అని సంబరంగా చెప్పింది.

మొలకలు గోడవారన వాడిపోయి పడి ఉన్నాయి. సంజమ్మ అక్కడే చతికిలబడింది. "గడ్డి కాదమ్మే, అది మా యమ్మ కొర్ర."

శశికళ ముఖం పాలిపోయింది. ఆ పూట ఆ ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు.

మర్నాడు సంజమ్మ నన్ను అటక మీంచి దించి ఊపింది. లోపల గింజలు గలగలమన్నాయి. ఆ చప్పుడుకి నాకే ప్రాణం లేచొచ్చింది. ఆమె నన్ను తీసుకెళ్లి కోడలి చేతిలో పెట్టింది.

"ఈతూరి నువ్వే ఎయ్యి. సాళ్లు పెట్టి ఎయ్యి. సాల్లో ఉండేది కొర్ర, బయటుండేది గడ్డి."

శశికళ రెండు సాళ్లు వేసి ఆగిపోయింది. "సగం లోపలే ఉండనీ అత్తా." సంజమ్మ గుడ్డ అందించింది.

ఇప్పుడు సంజమ్మ లేదు. నా మెడ బీటవారితే శశికళ టేపు చుట్టింది. మొన్న పక్కింటి ఖైరూన్ వచ్చి విత్తనాలు అడిగితే దోసిట్లో పోసి, నా మూతి కట్టేస్తూ అంది:

"అన్నీ చల్లేయొద్దక్కా, పిడికెడు దాచిపెట్టుకో. గడ్డి అనుకొని పీకేసే నాలాంటోళ్లు మీ ఇంట్లోనూ ఉంటారు."