తండ్రి నోటి మాట

అత్త ఖంపన్ పోయిందన్న కబురు నెస్తోర్‌కి బళ్లో ఉండగా తెలిసింది. అతను పాఠం ఆపలేదు. గంట కొట్టేదాకా పిల్లల చేత ఇంగ్లీషు వల్లె వేయించి, అప్పుడు బండి తీశాడు.

ఊళ్లో అతన్ని టోర్ మాస్టారు అంటారు. ఇంగ్లీషు చెప్పడానికి ఫిలిప్పీన్స్ నుంచి ఈ బౌద్ధుల దేశానికి, నాన్ కొండల కిందికి వచ్చినవాడు, లమాయ్‌ని చేసుకుని ఇక్కడే ఉండిపోయాడు. పెళ్లికి ముందే లమాయ్ బాప్తిస్మం తీసుకుంది. ఆమె పోయి ఆరేళ్లయింది. ఆ ఆరేళ్లూ అత్త అతనితో మాట్లాడలేదు. అతనూ మాట్లాడలేదు.

ఈ ఊరు చచ్చినవాళ్లను కాలుస్తుంది. నీళ్లలో పడ్డవాళ్లను, కత్తిపోట్లకు పోయినవాళ్లను మాత్రం పాతిపెడుతుంది. లమాయ్‌ని నెస్తోర్ చర్చి వెనక పాతిపెట్టాడు. అప్పుడు ఖంపన్ చర్చి గేటు బయట గొడుగు వేసుకుని కూర్చుంది. లోపలికి రాలేదు. ఎవరో ఇచ్చిన నీళ్ల సీసా మూత కూడా తియ్యలేదు. మట్టి పూడ్చడం అయ్యాక లేచి ఇంటికి నడిచిపోయింది. ఆ కూర్చోవడాన్ని నెస్తోర్ క్షమించలేదు.

కొడుకు ఫూమ్‌ని పెంచింది మాత్రం ఆ ముసలమ్మే. బడి నుంచి రాగానే వాడు సందు దాటి అమ్మమ్మ ఇంటికి పోయేవాడు. చీకటి పడేసరికి జిగురన్నం బుట్ట, ఆకులో చుట్టిన కూర పట్టుకుని వచ్చేవాడు. ఆ కూర నెస్తోర్ ముట్టేవాడు కాదు. గుడ్డు వేయించుకుని తినేవాడు.

మర్నాడు బామ్మర్ది ఇన్సోన్ వచ్చాడు. లమాయ్ తమ్ముడు. మెట్ల కింద చెప్పులు విడిచి అక్కడే నిలబడ్డాడు.

"అన్నం తిన్నావా బావా?"

"ఏం కావాలో చెప్పు."

"కూర్చోమనవా? శవం ఉన్న ఇంటి నుంచి వచ్చాను, కుక్కని చూసినట్టు చూస్తున్నావు."

"కూర్చో."

ఇన్సోన్ మెట్టు మీదే కూర్చున్నాడు. "నాకు పుట్టినవాళ్లంతా ఆడపిల్లలే, తెలుసుగా. అమ్మకి మనవడంటే ఫూమ్ ఒక్కడే. కాల్చే రోజు పొద్దున వాడు గుండు చేయించుకుని కాషాయం కట్టాలి. ఆ ఒక్క రోజే. చితి అంటుకోగానే విప్పెయ్యొచ్చు. మనవడి కాషాయం కొంగు పట్టుకుని అమ్మ పైకి పోతుంది. అది కూడా లేకుండా ఎట్లా పంపను?"

"వాడు క్రైస్తవుడు."

"వాణ్నే అడుగు."

ఫూమ్ గుమ్మంలోనే ఉన్నాడు. పందొమ్మిదేళ్లవాడు, తండ్రి కంటే పొడుగు, చర్చిలో గిటార్ వాయిస్తాడు. "నేను చేయించుకుంటా నాన్నా" అన్నాడు.

"మీ అమ్మకి మాటిచ్చాను. నిన్ను చర్చికి దూరం కానివ్వనని చేతిలో చెయ్యేసి చెప్పాను."

"అమ్మమ్మకి నేను మాటిచ్చాను."

"ఎప్పుడు?"

"ఆవిడ తినడం మానేసిన రోజు. నువ్వు సందు దాటి వచ్చుంటే వినేవాడివి."

నెస్తోర్ చెయ్యి లేచింది. ఇన్సోన్ చూస్తున్నాడని దించేశాడు.

"గుళ్లో పెద్ద గురువుగారు తండ్రిని అడక్కుండా మంగలికత్తి పట్టరు" అన్నాడు ఇన్సోన్, చెప్పుల్లో కాళ్లు పెడుతూ. "గుడికి రా బావా. అవునో కాదో ఆయనతోనే చెప్పుకో. మేం నీ కాళ్లు పట్టుకోం."

ఆ సాయంత్రమే నెస్తోర్ పాస్టర్ ప్రసోప్ ఇంటికి వెళ్లాడు. ప్రసోప్‌ది తాతల నాటి క్రైస్తవ కుటుంబం. పుట్టి బుద్ధెరిగాక గుడి గడప తొక్కలేదు. ఆ మాట ఎవరడిగినా గర్వంగా చెప్పుకుంటాడు.

"విగ్రహం ముందు మోకరిస్తాడు బ్రదర్. అది ఒక్క రోజైతేనేం, ఒక్క గంటైతేనేం?" అన్నాడు ప్రసోప్. "తర్వాత వాణ్ని గిటార్ దగ్గర కూర్చోబెట్టలేను. మీరు ఒప్పుకుంటే మిమ్మల్ని సంఘ పెద్దగా ఉంచలేను. ప్రభువు బల్ల దగ్గర రొట్టె పంచే చెయ్యి మీది."

"నేను ఒప్పుకోను. పదిమందిలో నిలబడి వద్దని చెప్పేస్తాను."

"అట్లా చెప్పకండి!" ప్రసోప్ కంగారు పడ్డాడు. "శవం ముందు వద్దంటే ఊరు మనల్ని బతకనిస్తుందా? మన సమాధుల దోవ వాళ్ల పొలాల్లోంచే గదా. ఊరికే కూర్చోండి. అడిగితే తల వంచుకోండి. తండ్రి నోటి మాట లేకుండా వాళ్లు ముందుకు పోలేరు. ఎవరి మొహమూ చెడదు, పని మాత్రం ఆగిపోతుంది."

నెస్తోర్‌కి ఆ ఉపాయం నచ్చింది. అత్త గేటు బయట నోరు మూసుకుని కూర్చుంది గదా, ఆమె గుళ్లో తనూ అట్లాగే కూర్చుంటాడు.

కాల్చే రోజు పొద్దున గుడి మండపం నిండిపోయింది. ఆడవాళ్లు ఒక పక్క, మగవాళ్లు ఒక పక్క చాపల మీద కూర్చున్నారు. మధ్యలో తెల్లబట్టల్లో ఫూమ్. వాడి పక్కన ఇన్సోన్ భార్య, వెంట్రుకలు పట్టడానికి ఒళ్లో తామరాకు పెట్టుకుని కూర్చుంది. నీళ్ల గిన్నె, కత్తెర, మంగలికత్తి పళ్లెంలో ఉన్నాయి. నెస్తోర్ గోడకు ఆనుకోబోతే ఇన్సోన్ అతని మోచెయ్యి పట్టుకుని ముందుకు తెచ్చి కూర్చోబెట్టాడు.

పెద్ద భిక్షువు ముసలాయన. నెస్తోర్‌ని చూసి నవ్వాడు.

"మాస్టారూ, మీ చర్చిలో ఫ్యాన్లు బాగా తిరుగుతాయటగా. మాది ఒక్కటే. అదీ నా మీదికే తిప్పారు. ఏమనుకోకు."

జనం నవ్వారు. నెస్తోర్ నవ్వలేదు.

"నీ కొడుకు కాషాయం అడుగుతున్నాడు" అన్నాడు ముసలాయన. "తల్లి లేదు. తండ్రివి నువ్వున్నావు. నిన్ను మూడుసార్లు అడుగుతాను. ఇష్టం లేకపోతే లేదని చెప్పు. కత్తి పక్కన పెట్టేస్తాను, ఎవరూ నిన్నేమీ అనరు. ఏమీ మాట్లాడకపోతే ఇష్టమని లెక్క. మా భిక్షువుల్లో ఏ పనికైనా ఇదే పద్ధతి. వద్దనేవాడే నోరు విప్పాలి."

నెస్తోర్ చొక్కా వీపుకి అంటుకుపోయింది. ప్రసోప్ చెప్పింది తిరగబడింది. ఇక్కడ మూగగా కూర్చుంటే కొడుకుని చేతులారా పోగొట్టుకుంటాడు. ఆపాలంటే ఇంతమందిలో, శవం ఇంకా ఇంట్లో ఉండగా, నోరు తెరవాలి.

"ఈ పిల్లవాడికి కాషాయం ఇవ్వడం నీకు ఇష్టమేనా?"

ఇది మొదటిసారి. ఫ్యాన్ కిర్రుమంటోంది. ఫూమ్ చేతులు జోడించి నేలకేసి చూస్తున్నాడు. తండ్రి వైపు తిరగలేదు. వద్దు అన్నది చిన్న మాట. నెస్తోర్ నాలుక కదల్లేదు.

వెనక ఎవరో పెద్దావిడ గుసగుసలాడింది. "పాపం మాస్టారు. బళ్లో గంటలకొద్దీ అరుస్తాడు, ఇక్కడ గొంతెండిపోయింది."

"నోర్ముయ్యవే" అంది ఇంకొకామె.

"ఈ పిల్లవాడికి కాషాయం ఇవ్వడం నీకు ఇష్టమేనా?"

నెస్తోర్ మోకాళ్ల మీద లేచాడు. లమాయ్ చెయ్యి అతనికి గుర్తొచ్చింది. ఎముకల మీద తోలు తప్ప ఏమీ లేని చెయ్యి. "గురువుగారూ..." అన్నాడు. మండపం అంతా అతని వైపు తిరిగింది.

ముసలాయన ఆగాడు. "చెప్పు నాయనా. తొందరేం లేదు."

ఇన్సోన్ పక్కనుంచి వంగాడు. గొంతు తగ్గించాడు గానీ దగ్గరున్నవాళ్లకి వినపడుతూనే ఉంది.

"చెప్పు బావా. నీకు హక్కుంది. ఆ రోజు మా అమ్మకీ ఉండింది."

"ఏ రోజు?"

"అక్కని నువ్వు పూడ్చిన రోజు. ఊరి పెద్ద గేటు దగ్గరికి వచ్చాడు. 'ఖంపన్, నీ కూతురు. నువ్వు వద్దని ఒక్క మాట అను, కుర్రాళ్లున్నారు, శవాన్ని గుడికి తెచ్చేస్తాం' అన్నాడు. ఒకసారి కాదు, అడిగి అడిగి విసుగొచ్చి పోయాడు. నేను పక్కనే ఉన్నాను. ఆ నోరు తెరుచుకోలేదు. తెరుచుకుంటే నీ భార్యని నువ్వు పాతగలిగేవాడివా? నువ్వెవడివి? పైదేశపోడివి. మమ్మల్ని ఆపేవాడివా?"

నెస్తోర్ అతని మొహంలోకి చూశాడు. "మరి ఆరేళ్లు నాతో ఎందుకు మాట్లాడలేదు?"

"కోపం. కూతుర్ని మట్టిలో పెట్టావు. కోపం రాదా?"

నెస్తోర్ నేలకేసి చూశాడు. ఆ గొడుగు కింద కూర్చున్నది తనని అసహ్యించుకోవడానికే అనుకున్నాడు. అసహ్యించుకుంటూనే ఒప్పుకుందన్నమాట. ఆమె మీద కోపం ఎక్కడికీ పోలేదు. అది ఎప్పటిలాగే రొమ్ములో గట్టిగా ఉంది. కానీ ఆ ముసలిది చెయ్యగలిగిన పని తను చెయ్యలేక, చచ్చినదాని ముందు చిన్నవాడైపోవడం అతనికి ఇష్టం లేదు.

"ఈ పిల్లవాడికి కాషాయం ఇవ్వడం నీకు ఇష్టమేనా?"

నెస్తోర్ మోకాళ్లు దించి కూర్చున్నాడు. పెదాలు బిగించాడు. ముసలాయన ఆగవలసినదానికంటే ఎక్కువసేపే ఆగాడు. ఆడవాళ్ల వైపు ఎవరికో దగ్గొస్తే చేత్తో నోరు నొక్కుకుంది.

"సరే" అన్నాడు ముసలాయన. కత్తెర తీసి అతనికి అందించాడు. "మొదటి వెంట్రుకలు కన్నవాళ్లే కొయ్యాలి."

"నేను కొయ్యను" అన్నాడు నెస్తోర్.

అతని నోటి నుంచి వచ్చిన మాట అదొక్కటే. ముసలాయన ముఖం మారలేదు. కత్తెర ఇన్సోన్ చేతికి ఇచ్చాడు.

ఫూమ్ జుట్టు తామరాకులో పడింది. తర్వాత కనుబొమలు కూడా గీసేశారు. వాడు తలెత్తాడు. అది లమాయ్ మొహం. ఆసుపత్రిలో మందులకి జుట్టూ కనుబొమలూ రాలిపోయాక ఉన్న లమాయ్. నెస్తోర్ లేచి బయటికి పోయి గుడి గోడ పక్కన నిలబడ్డాడు.

మధ్యాహ్నం శవాన్ని తేరు మీద లాక్కుపోయారు. కాగితపు పూల గోపురం కింద పెట్టె, పెట్టెకి కట్టిన తెల్లతాడు, తాడు పట్టుకుని ఊరంతా. ముందు కాషాయంలో ఫూమ్ నడిచాడు. వాడు పోతుంటే వాణ్ని ఎత్తుకుని ఆడించిన ముసలివాళ్లు కూడా చేతులు జోడించారు. నెస్తోర్ చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు. తాడు ముట్టుకోలేదు. వెనకే నడిచాడు.

శ్మశానం దగ్గర ప్రసోప్ బండి మీద కూర్చుని ఉన్నాడు. ఆవరణలోకి రాలేదు.

"నోరు తెరిచారా బ్రదర్?"

"లేదు."

"మరి ఇదేంటి?"

"వద్దనడానికే నోరు తెరవాలట. మీరు చెప్పింది తప్పు."

ప్రసోప్ తల గోక్కున్నాడు. "నాకేం తెలుసు వాళ్ల పద్ధతులు? పోనీ, మంచిదే. మీరు అవునని అనలేదు గదా? అదే నిజం. ఆదివారం నేను సర్దుతాను. మీరు మాట్లాడకుండా ఉండండి చాలు."

"మళ్లీ అదేనా" అన్నాడు నెస్తోర్. ప్రసోప్‌కి అర్థం కాలేదు.

పొగ లేచింది. చీకటి పడకముందే ఫూమ్ కాషాయం విప్పి, మామూలు బట్టల్లో ఇంటికి వచ్చాడు. తండ్రీకొడుకులు గుడ్లు వేయించుకుని తిన్నారు.

ఆదివారం నెస్తోర్ ముందు బెంచీలో, సంఘ పెద్దల పక్కన కూర్చున్నాడు. ఫూమ్ ఆఖరి బెంచీలో కూర్చున్నాడు. గిటార్ గోడకి ఆనించి ఉంది. వాడి బోడి మొహాన్ని చూడకుండా ఉండటానికి జనం తెగ ప్రయత్నిస్తున్నారు.

పాట అయ్యాక ప్రసోప్ లేచాడు. "మన ఇంట్లో ఒక పిల్లవాడు తప్పటడుగు వేశాడు. బంధువులు మభ్యపెట్టారు. తండ్రి ఒప్పుకోలేదు. మన టోర్ మాస్టారు అక్కడ నోరు విప్పలేదు, అది నాకు తెలుసు. ఆయన ఇష్టం లేకుండానే జరిగిపోయింది. పిల్లవాడి కోసం ప్రార్థన చేద్దాం. వచ్చేవారం నుంచి గిటార్ వాడే వాయిస్తాడు. కాదనేవాళ్లు ఎవరైనా ఉన్నారా?"

ఎవరూ లేరు. తలలు వంగాయి. కళ్లు మూసుకుంటే చాలు. రొట్టె పళ్లెం అతని చేతిలోకే వస్తుంది. కొడుకు పాటలోకి వస్తాడు. లమాయ్‌కి ఇచ్చిన మాట కూడా నిలబడుతుంది. ఊళ్లో ఇన్సోన్ మాత్రం పిల్లవాణ్ని మోసం చేసినవాడుగా మిగిలిపోతాడు. చచ్చిన ముసలమ్మ మనవణ్ని దొంగిలించినదవుతుంది.

నెస్తోర్ లేచి నిలబడ్డాడు.

"ఆగండి పాస్టర్ గారూ. నేను ఒప్పుకున్నాను."

కళ్లన్నీ తెరుచుకున్నాయి. ప్రసోప్ చిరునవ్వు ముఖం మీదే ఉండిపోయింది. "మీరు అవునని అనలేదుగా బ్రదర్."

"అనలేదు. వద్దంటే ఆగిపోయేది. మూడుసార్లు అడిగారు. వద్దనలేదు. ఎవరూ మభ్యపెట్టలేదు."

"ఎందుకు వద్దనలేదు?"

"అది మీకు చెప్పను."

ప్రసోప్ బైబిల్ మూశాడు. "అయితే ఈ రోజు బల్ల దగ్గరికి రాకండి" అన్నాడు. "మీరిద్దరూ."

నెస్తోర్ ముందు బెంచీ వదిలి నడవ మధ్యలోంచి వెనక్కి వచ్చాడు. ఫూమ్ జరిగి చోటిచ్చాడు. కాసేపయ్యాక తల తిప్పకుండా అడిగాడు. "అమ్మమ్మ మీద కోపం పోయిందా నాన్నా?"

"లేదు."

రొట్టె పళ్లెం వరస వరసా వెనక్కి వచ్చింది. అలవాటుగా ఫూమ్ చెయ్యి లేచింది. నెస్తోర్ దాన్ని పట్టుకుని మోకాలి మీదికి దించి, అట్లాగే పట్టుకున్నాడు. పళ్లెం వాళ్లని దాటి పోయింది.