ఎవరికి పోయినట్టు

దుప్పటి మార్చాలని మంచం దగ్గరికి వెళ్ళింది. ఖాళీ పరుపు మీది దిండు కింద చెయ్యి వేసి, రెండో చేత్తో పైన ఆనించి, మెల్లగా ఎడమవైపుకి ఒత్తిగిలేలా తిప్పింది. తిప్పాక గాని అది దిండని తెలియలేదు. అత్తగారు పోయిన కబురు చేతులకింకా అందలేదు.

వేళకి అటూ ఇటూ తిప్పకపోతే వీపు పుండ్లు పడుతుందని, నోరెండితే తడిగుడ్డతో పెదాలు అద్దాలని, నొప్పిమందు చుక్కలు ఎలా వెయ్యాలో కూడా సంస్థ నర్సే నేర్పింది. దేశమంతా శాఖలున్న సేవాసంస్థ అది. ఇక నయం కాదని ఆసుపత్రులు చేతులెత్తేసిన మనుషుల్ని ఇంటికే వచ్చి చూస్తారు. నేర్పింది ఇంటిల్లిపాదికీ, నేర్చుకున్నది ఆమె ఒక్కతే. మొగుడు గుమ్మంలోనే నిలబడి, వాన పడుతోందా అన్నట్టు, ఎలా ఉందని అడిగి వెళ్ళిపోయేవాడు.

పగలంతా ఆ గది నీళ్ళ అడుగున ఉన్నట్టుండేది. తెరలోంచి వెలుగు పచ్చగా దిగి గోడ మీద ఈదేది. బస్సుల రొద, కూరలమ్మేవాడి కేక, అన్నీ ఎక్కడో పై ఒడ్డున. ఆ లోతులో అత్తాకోడళ్ళిద్దరే. కాపురానికొచ్చిన నాటినుంచీ ఆమెను "ఏమే" అని తప్ప పిలవని మనిషి, ఆమె పెట్టిన టీలో ఏనాడూ పంచదార సరిపోలేదన్న మనిషి, బరువంతా కరిగిపోయి, తల దువ్వుతుంటే కళ్ళు మూసుకుని ఒళ్ళో ఒదిగేది. ఒక మధ్యాహ్నం కళ్ళు తెరిచి, ఆమె మొహం వెతుక్కుని, "అమ్మా" అంది. ఇంకెవరైనా వచ్చారేమోనని ఆమె వెనక్కి తిరిగి చూసింది. ఎవరూ లేరు. "ఊఁ" అంది. అప్పట్నుంచీ ఎన్నిసార్లు పిలిస్తే అన్నిసార్లూ పలికింది.

పోయాక వచ్చినవాళ్ళంతా మొగుణ్ణీ ఆడపడుచునీ పట్టుకుని ఓదార్చారు. ఆమె వాళ్ళందరికీ టీలు అందించింది. జనం పలచబడ్డాక ఆడపడుచు, మా మామగారు కూడా మంచాన పడ్డారు, నీకు చెయ్యి తిరిగిన పనేగా, ఇక నువ్వు ఖాళీయేగా అంది. మొగుడు సరేననేశాడు. బట్టలు సర్దుకోమని సంచీ అటక మీంచి దింపి కూడా పెట్టాడు. ఆ ఇంట్లో అతను తనంతట తాను చేసిన పని అదొక్కటే.

సాయంత్రం నర్సు వచ్చింది. మనిషి పోయాక కూడా వస్తారట, మిగిలినవాళ్ళని చూడ్డానికి. పోయింది మా అమ్మ, ఏదున్నా నాతో చెప్పండని మొగుడు కుర్చీ లాక్కున్నాడు. మీ మందులేం పనిచెయ్యలేదండీ, చివరిదాకా నొప్పికి అమ్మా అమ్మా అంటూనే ఉందన్నాడు. నర్సు మొహం వాడిపోయింది. నాకు కబురు చేస్తే డాక్టరుగారితో చెప్పి మోతాదు మార్పించేదాన్నే అంటూ గొణుక్కుంది.

"నొప్పికి కాదు."

ట్రే పట్టుకుని వంటింటి గుమ్మంలో ఉన్న ఆమె మాట అది. ఇద్దరూ తిరిగి చూశారు.

"నొప్పైతే పళ్ళు బిగించేది. చుక్కలు వేస్తే సర్దుకునేది. అమ్మా అన్నది నన్ను."

మొగుడు నవ్వాడు. "నిన్నా? మా అమ్మ నిన్నెందుకు అంటుందే?"

నర్సు నవ్వలేదు. "పిలిస్తే మీరేమనేవారక్కా?"

"ఊఁ అనేదాన్ని. అంటే నిద్రపోయేది."

నర్సు లేచి తన కుర్చీ ఆమె వైపు జరిపింది. దగ్గరుండి చూసినవాళ్ళంతా వారంవారం మా ఆఫీసులో కలుస్తారు, ఊరికే మాట్లాడుకుంటారు, ఏడుపొస్తే ఏడుస్తారు, మీరూ రండి అంది.

"తనకెందుకండీ అవన్నీ? రేప్పొద్దున మా అక్కావాళ్ళింటికి బయల్దేరాలి తను. అక్కడ పెద్దాయన్ని చూసుకోవాలి."

ఆమె ట్రే కింద పెట్టింది. కుర్చీలో కూర్చుంది.

"నేనెవరింటికీ వెళ్ళను," అంది మెల్లగా. "నాకు కూతురు పోయింది."