మెట్ల మీద జారి పడలేదు

పొద్దున ఇల్లు దాటే ముందు జయంతి అద్దం ముందు ఒక్క నిమిషం నిలబడేది. స్నానం కాగానే పెట్టుకున్న బొట్టును గోటితో తీసేసి, నుదురు తడిగుడ్డతో తుడుచుకునేది. చీర కట్టడం వేసవిలోనే మానేసింది. బూట్ల తాళ్లు కట్టుకుంటూ ఎనిమిదేళ్ల కూతురు విద్య ఇదంతా రోజూ చూసేది. ఎందుకని ఎన్నడూ అడగలేదు. అడగకపోవడమే మేలని తల్లి అనుకునేది.

అది 1987వ సంవత్సరం, న్యూజెర్సీలోని జెర్సీ సిటీ. ఆ వేసవిలో ఊరి పత్రికలో ఒక ఉత్తరం అచ్చయింది. బొట్టు పెట్టుకున్న ఆడవాళ్లు కనిపిస్తే వదిలేది లేదనీ, భారతీయులు ఊరు ఖాళీ చేసేదాకా ఊరుకునేది లేదనీ దాని సారాంశం. ఆకతాయిల నోట బొట్టు ‘డాట్’ అయింది, భారతీయులకు అదే తిట్టుపేరయింది. శరదృతువు రాగానే ఒక భారతీయుణ్ణి నడివీధిలో కొట్టి చంపారు. ఆ తర్వాత మనవాళ్ల ఇళ్లలో సాయంత్రమైతే కర్టెన్లు మూసుకున్నాయి. కొందరు వేరే ఊళ్లలో ఇళ్లు వెతుక్కున్నారు. వెళ్లలేనివాళ్లు తల దించుకుని నడవడం నేర్చుకున్నారు.

జయంతి ఆ ఊళ్లోనే ఒక యూదుల పాఠశాలలో నాలుగేళ్లుగా లెక్కలు చెబుతోంది. విశాఖపట్నంలో ఎమ్మెస్సీ చదివిన మనిషి. ‘చేబ్రోలు’ అనే ఇంటిపేరు నోరు తిరగక పిల్లలు ఆమెను ‘మిసెస్ సి’ అనేవారు. ఆమె క్లాసులో అందరికన్నా చురుకైనది పదకొండో తరగతి ఫైనా. ఎనిమిదేళ్ల క్రితం సోవియట్ దేశం వదిలి వచ్చిన కుటుంబం వాళ్లది. ఒడెస్సాలో ఇంజనీరుగా చేసిన తండ్రి ఇక్కడ టాక్సీ నడిపేవాడు. బడి ఫీజు ఆ ఇంటికి మోయలేని బరువు. ఆ బడిలో ఏటా ఒక్కరికి ఆఖరి సంవత్సరం చదువంతా ఉచితంగా చెప్పించే స్కాలర్‌షిప్ ఉంది. దానికి మార్కులొక్కటే చాలవు, నాయకత్వం కూడా చూస్తారు. ఫైనాకు రెండూ ఉన్నాయి. ఆ ఏడు విద్యార్థి సంఘానికి అధ్యక్షురాలు ఆమే. స్కాలర్‌షిప్ రాకపోతే వచ్చే ఏడు ఆమె ఆ బడిలో ఉండదు.

అక్టోబరులో ఒక మంగళవారం సాయంత్రం నాలుగు గంటలకు జయంతి బస్‌స్టాపులో నిలబడి ఉంది. ఒక కారు వచ్చి నెమ్మదించింది. అద్దం దింపి ఎవడో బూతు మాట అన్నాడు. ఆమె బస్సు వచ్చే వైపు చూస్తూ విననట్టే ఉండిపోయింది. నుదుట బొట్టు లేదు, ఒంటిమీద చీర లేదు. అయినా పోల్చుకున్నారు. ఒకడు దిగివచ్చి రెండు చేతులతో బలంగా తోశాడు. ఆమె పేవ్‌మెంటు అంచు మీద పడింది. కనుబొమ పైన చిట్లి రక్తం కారింది. విద్యార్థి సంఘం సమావేశం ముగించుకుని అటుగా వస్తున్న ఫైనా గట్టిగా అరుస్తూ పరుగెత్తుకొచ్చింది. కారు వెళ్లిపోయింది.

“మిసెస్ సి, కారు నంబరులో మూడంకెలు చూశాను. పోలీసులకు చెబుదాం రండి,” అంది ఆ పిల్ల, రుమాలు గాయానికి అదిమిపెట్టి.

“వద్దు. నువ్వేమీ చూడలేదు. నేను జారి పడ్డాను.”

“నేను చూశాను, మిసెస్ సి.”

“నీకు పుణ్యం ఉంటుంది, వదిలెయ్యమ్మా,” అని భయంలో తెలుగులోనే అనేసింది జయంతి. ఆ పిల్లకు అర్థం కాలేదు.

మర్నాడు ప్రిన్సిపాల్‌గా ఉన్న యూదు మతగురువు రబ్బీ లెర్నర్ కట్టు చూసి ఏమైందని అడిగాడు. “ఇంట్లో మెట్ల మీద జారాను,” అంది. మాట గొంతు దాటాక ప్రాణం కుదుటపడినట్టనిపించింది. మనలో ఎంతమందిమి ఇలాంటి మెట్లు కట్టుకోలేదు? పరువు కోసం కొందరం, ప్రశాంతత కోసం కొందరం.

ఫైనా మాత్రం ఊరుకోలేదు. శుక్రవారం విద్యార్థి సంఘంలో ఒక తీర్మానం పెట్టింది. బడి వదిలాక పెద్ద తరగతుల పిల్లలు ఇద్దరిద్దరు టీచర్లతో బస్‌స్టాపు దాకా నడవాలి, జరిగినదాన్ని పోలీసులకు రాసి పంపాలి. తీర్మానం నెగ్గింది. సోమవారానికల్లా తల్లిదండ్రుల ఫోన్లు మొదలయ్యాయి. అందరికన్నా గట్టిగా కాదన్నవాడు స్కాలర్‌షిప్ కమిటీలోని పెద్దమనిషి కెస్లర్. యూదులు తలమీద పెట్టుకునే చిన్న టోపీ కనబడకుండా వీధిలో బేస్‌బాల్ టోపీ పెట్టుకోమని మగపిల్లలకు ఉత్తర్వు ఇప్పించినవాడు ఆయనే.

“పిల్లల్ని వీధి రౌడీల ముందుకు తోయడం నాయకత్వమా?” అన్నాడాయన. “ఆ టీచరే మెట్ల మీద పడ్డానంటోంది. స్కాలర్‌షిప్ కోసం ఈ అమ్మాయి కథ అల్లింది. అబద్ధమాడిన విద్యార్థికి మన కమిటీ పైసా ఇవ్వదు.”

గురువారం కమిటీ కూర్చునేటప్పుడు జయంతి కూడా వచ్చి ఏం జరిగిందో చెప్పాలని రబ్బీ కబురు చేశాడు.

ఆ రోజు ఇంటికి వచ్చి ఆమె మెట్ల అబద్ధం దగ్గర్నుంచి కమిటీ కబురు దాకా చెప్పింది. భర్త రాధాకృష్ణ అంతా విని, టీవీ కట్టేసి, కుర్చీలోంచి లేచాడు.

“మనకెందుకు జయా ఈ గొడవ? ప్రిన్సిపాల్‌కు చెప్పిందే అక్కడా చెప్పు. పోలీస్ రిపోర్ట్ అంటే మన అడ్రస్ రాస్తారు. రేపు పేపర్‌లో వస్తుంది. ఇంటి మీదకొస్తే ఎవడు కాపాడతాడు?”

“మరి ఆ పిల్ల?”

“మన పిల్ల సంగతి చూడు ముందు. అయినా అబద్ధం చెప్పానని నువ్వే ఒప్పుకుంటే నీ జాబ్ ఉంటుందా?”

ఆయన చెప్పినవి పిరికి మాటలని జయంతి అనుకోలేదు. ఆ మాటలన్నీ దారి పొడుగునా తనకు తాను చెప్పుకుంటూ వచ్చినవే.

అన్నం తినేటప్పుడు విద్య బడి సంచిలోంచి ఒక కాగితం తీసింది. తమ కుటుంబం ఏ దేశం నుంచి వచ్చిందో ప్రపంచ పటంలో రంగు వేసి తెమ్మన్నారట. విద్య మెక్సికోకు ఆకుపచ్చ రంగు వేసింది.

“ఇదేంటి బంగారూ? మనది ఇండియా కదా.”

“ఐ నో, మామ్. స్కూల్‌లో నేను మెక్సికో అని చెప్పాను. బస్‌లో ఒక బాయ్ అడిగాడు, ఆర్ యూ ఎ డాట్ అని. నేను నో అన్నాను.” పిల్ల ముద్ద మింగి మామూలుగానే అంది. “నువ్వు కూడా స్టెయిర్స్ అని చెప్పావ్ కదా. డాడ్‌తో నువ్వు అంటుంటే విన్నాను. అలా చెప్తే వాళ్లు ఏం చెయ్యరు, రైట్?”

రాధాకృష్ణ చేయి కంచంలోనే ఆగిపోయింది. జయంతికి ఆ క్షణాన కలిగిన భయం ముందు బస్‌స్టాపులో కలిగిన భయం ఎంత! తాను భయాన్ని లోపలే దాచుకున్నాననుకుంది. అది కూతురికి ఉగ్గుపాలతో పట్టినట్టు పట్టేసింది. ఎనిమిదేళ్ల పిల్ల అమ్మానాన్నల దేశాన్ని పటంలోంచే తప్పించింది. అదీ ఏడుపు లేకుండా, తెలివైన పని చేసినట్టు!

గురువారం మూడున్నరకు రాధాకృష్ణ ఆఫీసుకు సెలవు పెట్టి ఆమెను కారులో దింపాడు. “నేను ఇక్కడే ఉంటాను,” అన్నాడు.

పొడుగాటి బల్ల చుట్టూ అయిదుగురు కూర్చున్నారు. ఒక చివర ఫైనా, గోడ పక్కన చేతిలో టోపీ నలుపుకుంటూ ఆమె తండ్రి. కెస్లర్ అడిగాడు, “మీరు మెట్ల మీద పడ్డారా, లేదా?”

జయంతి లేచి నిలబడింది. “పడలేదు. బస్‌స్టాపులో నన్ను తోసేశారు. ఈ అమ్మాయి చెప్పిన ప్రతి మాటా నిజం. అబద్ధం చెప్పింది నేను. ఉద్యోగం తీసేయాలంటే తీసేయండి. దాని శిక్ష మాత్రం ఈ పిల్లకు వేయకండి.”

“ఎందుకు చెప్పారు అబద్ధం?”

“భయపడ్డాను. ఇప్పుడూ భయంగానే ఉంది.”

కెస్లర్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

“నాకు ఆరేళ్లప్పుడు, వియన్నాలో, నాజీలు మా నాన్న కొట్టు అద్దాలు పగలగొట్టారు. గాలికి పగిలాయని మా నాన్న అందరికీ చెప్పాడు. చీపురు పట్టుకుని నేనూ అదే చెప్పాను. గాలి, గాలి అంటూ అక్కడే ఉండిపోయాం, ఇక పారిపోవడానికి దారి లేకుండా పోయేదాకా.” ఆయన ఫైనా వైపు తిరిగాడు. “నిన్ను అబద్ధాలకోరు అన్నాను. నన్ను క్షమించు. నువ్వు అబద్ధం చెబుతున్నావని కాదమ్మా, నిజమే చెబుతున్నావేమోనని భయం.”

స్కాలర్‌షిప్ ఫైనాకు వచ్చింది. కమిటీలో ఒకాయన చివరిదాకా ఒప్పుకోలేదు. ఇద్దరు పిల్లల్ని వాళ్ల తల్లిదండ్రులు ఆ బడి మాన్పించారు. జయంతి పోలీస్ స్టేషన్‌కు వెళ్లి రాసిచ్చింది. మూడంకెలతో కారు దొరకలేదు. రెండు వారాల పాటు ఇంటికి మాటలేని ఫోన్లు వచ్చాయి. మోగినప్పుడల్లా రాధాకృష్ణే వెళ్లి ఎత్తేవాడు. ఉద్యోగం మాత్రం పోలేదు. “అబద్ధం చెప్పిన టీచరుకు శిక్ష ఉండాలి కదా,” అని రబ్బీ లెర్నర్ నవ్వి, స్కాలర్‌షిప్ ఇచ్చే సభలో పిల్లలతో మాట్లాడే పని ఆమెకు అప్పగించాడు.

డిసెంబరులో ఆ సభ జరిగింది. ముందు వరుసలో తండ్రి పక్కన విద్య కూర్చుంది. జయంతి కాగితం మీద ఇంగ్లీషులో చాలానే రాసుకుంది గానీ, మూడొందల ముఖాలు చూసేసరికి అందులో ఒక్కటీ చదవలేకపోయింది. చివరికి కాగితం మడిచి, మెల్లగా, తడబడుతూనే అంది:

“మార్కులు చూసి ఫైనాకు ప్రతిభ ఉందన్నాం, ఓట్లు చూసి నాయకురాలన్నాం. నాకు తెలిసిన నాయకత్వం మాత్రం వేరు. టీచరే వద్దని బతిమాలినా ఆ అమ్మాయి చూసింది చూశానని చెప్పింది. పిల్లలూ, భయపడటం తప్పు కాదు. మనకు జరిగిన అన్యాయాన్ని మన నోటితోనే జరగలేదని చెప్పి, నిజం చెప్పినవాళ్లను ఒంటరివాళ్లను చేయడమే తప్పు.”