కొసరు కొమ్మ

మా నర్సరీలో మొక్క కొన్నవాళ్ళెవరూ ఒక్క మొక్కతో వెళ్ళరు. మా అత్తయ్య పక్కనున్నదాన్నించి ఓ కొమ్మ తుంచి, తడిగుడ్డ చుట్టి, "ఇది కొసరు" అంటూ చేతిలో పెడతారు. ఆవిడ కాపురానికొచ్చిన నాటినుంచీ అంతేనట.

నేను తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేసినదాన్ని. నాకు బాగా వచ్చిన విద్య భయపడటం. పొద్దున లేవగానే చంటిదాని చెవుల వెనకా, మెడ మడతల్లోనూ పొక్కులున్నాయేమో చూస్తాను. ఆ తర్వాత మొక్కల్లోకి వెళ్ళి ఆకులు తిప్పి అడుగున చూస్తాను.

"పిల్ల తుమ్మినా నీ గుండె జారిపోతుంది, ఆకు రాలినా జారిపోతుంది. ఎన్నిసార్లని జారుతుందే అది?" అని అత్తయ్య నవ్వుతారు.

ఆ అలవాటు వల్లే నా కంటబడింది. మా వదిన, అంటే మా ఆయన అక్క, విదేశం నుంచి వస్తూ బట్టల మడతల్లో దాచి ఒక కొమ్మ తెచ్చింది. ఊదారంగు ఆకులు, అంచున తెల్లటి గీత. అత్తయ్య మురిసిపోయి దాన్ని నాటారు. గుబురుగా పెరిగాక ఇంకేముంది, వచ్చినవాళ్ళకల్లా అదే కొసరు. రెండు నెలలు తిరిగేసరికి ఆకుల అడుగున పిండి అద్దినట్టు పురుగులు. పిండినల్లి మాకు కొత్తేం కాదు, సబ్బునీళ్ళు కొడితే పోతుంది. ఇది పోలేదు. మూడోరోజుకల్లా మళ్ళీ వచ్చి, పక్కనున్న మందారాల మీదకి పాకింది. ఒక్కోదానికి సన్నటి తోక.

"అత్తయ్యా, ఇది మన పురుగు కాదు."

"మనది కాకపోతే ఎవరిదే? వీపు మీద పేరు రాసుందా?"

ఆ వారమే వ్యవసాయ శాఖ నోటీసు వచ్చింది. బయటి దేశాల తెగుళ్ళు మన మొక్కలకి అంటకుండా కొత్త నియమాలు రాస్తున్నారట. జనం అభిప్రాయం కూడా చెప్పాలట. శనివారం పదింటికి, బడి హాల్లో.

"వెళ్దాం, విందాం, వచ్చేద్దాం" అన్నారు అత్తయ్య. "కొమ్మ సంగతి ఎత్తావో, ఊరుకోను. తోటంతా పీకి తగలబెడితే ఏం తింటాం? పైగా నీ వదిన పరువు."

ఆవిడ భయం ఉత్తిది కాదు. మా ఇంటికున్న ఆధారం ఆ తోటే. కానీ మేమిచ్చిన కొమ్మలు ఎన్ని పెరళ్ళలో నాటుకుని ఉన్నాయో అనుకుంటే నాకు అన్నం సయించలేదు. చంటిదాని పాలపొడి డబ్బా ఖాళీది తీసి, పురుగులున్న ఆకు అందులో వేసి, మూతకి నాలుగు రబ్బరు బ్యాండ్లు బిగించి సంచిలో పెట్టుకున్నాను. చూపిస్తానో లేదో నాకే తెలీదు.

హాల్లో అన్నీ పిల్లల బెంచీలు. పెద్దవాళ్ళందరూ మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూర్చున్నారు. అధికారి, కళ్ళజోడు పెట్టుకున్న పెద్దావిడ, 'జీవభద్రత' అంటూ కాయితం చూసి చదువుతోంది. సగం అర్థమైంది, సగం చంటిది ఏడ్చి విననివ్వలేదు. మెయిన్ రోడ్డు మీది పెద్ద నర్సరీ ఆయన లేచాడు.

"ఇవన్నీ విమానాశ్రయాల్లో చూసుకోవాలి మేడమ్. మా వీధుల్లోకి ఏ పురుగొస్తుందండీ?"

"వచ్చిందండీ."

ఎవరా అని చూస్తే నేనే. అప్పటికే లేచి నిలబడి ఉన్నాను. అత్తయ్య నా కొంగు లాగారు. నేను డబ్బా పైకెత్తాను.

"ఆగమ్మా! మూత తియ్యకు!" అని అధికారి అరిచింది. ముందు వరస మొత్తం బెంచీలతో సహా వెనక్కి జరిగింది. "ఇలా మోసుకు రాకూడదు తల్లీ. ఎక్కడున్నది అక్కడే ఉంచి మాకు ఫోన్ చెయ్యాలి."

"నోటీసులో ఫోన్ నంబరు లేదండీ."

హాలు ఘొల్లుమంది. ఆవిడ నవ్వాపుకుంటూ గుమాస్తాతో, "మొదటి అభిప్రాయం. రాసుకో" అంది. డబ్బా రెండు సంచుల్లో మూటగట్టించి, మొదటినుంచీ సంగతంతా నా చేత చెప్పించింది. ఎవరు తెచ్చారన్నది మాత్రం దాటేశాను.

"ఎవరు తెచ్చారో తర్వాత. ఎక్కడికెళ్ళిందో ముందు కావాలి. ఆ కొమ్మలు ఎవరెవరికిచ్చారు? రిజిస్టరుందా?"

లేదు. అంతా మునిగిందనుకున్నాను. నా పక్కన బెంచీ కిర్రుమంది.

"రిజిస్టరెందుకు, నేను లేనూ?" అత్తయ్య లేచారు. "మూడో వీధి పళ్ళ డాక్టరుకి రెండు. ఒకటి చంపేస్తాడని ముందే తెలుసు. టైలరమ్మకి ఒకటి, మా పరదాలు పొట్టిగా కుట్టినా సరే ఇచ్చాను. బేకరీ ఆయన మామగారికి ఒకటి..." అలా వేళ్ళు మడుస్తూ మడుస్తూ, చివరి వేలు పెద్ద నర్సరీ ఆయనవైపు చూపించారు. "ఇదిగో, ఈ బాబుకి ఒకటి. వద్దన్నా అడిగి మరీ పట్టుకెళ్ళాడు. పదకొండు."

ఆయన నెమ్మదిగా కూర్చున్నాడు. నవ్వులకి చంటిది ఏడుపాపి చప్పట్లు కొట్టింది.

సోమవారం వాళ్ళొచ్చారు. ఊదారంగువన్నీ, రెండు వరసల మందారాలూ పీకి సంచుల్లో కట్టుకెళ్ళారు. మిగతా తోట జోలికి పోలేదు గానీ, నెల్లాళ్ళు అమ్మకం వద్దన్నారు. ఆ నెలంతా ఆకులు తిప్పాను. అత్తయ్య కూడా తిప్పారు, కళ్ళజోడు నుదుటి మీద పెట్టుకుని మరీ. పదకొండు కొమ్మలూ దొరికాయి. డాక్టరువి రెండూ ఎండిపోయే దొరికాయి.

ఇప్పుడు గేటు మళ్ళీ తెరిచాం. కొసరు మానలేదు. కాకపోతే నేను తిప్పి చూసిన మొక్కదే ఇస్తారు. అత్తయ్య చెబుతుంటే ఎవరికేమిచ్చామో నోటుబుక్కులో నేను రాస్తాను.

నిన్న వదిన ఫోన్ చేసింది. "అమ్మా, ఈసారి ఏం తెమ్మంటావు?"

"నువ్వు రా, చాలు. సూట్‌కేసు మాత్రం గేటు బయటే విప్పు. నీ మరదలు చూడాలి."