చెవి గురన్న తీర్పు

ముప్పై రెండో వ్యాగన్ దగ్గర గురునాథరావు నడుం వంచి, పొడుగుపిడి సుత్తితో చక్రం మీద ఒక్క దెబ్బ వేశాడు. పిడి అరచేతిని తిరిగి తన్నింది. బాగానే ఉంది అనుకుని పక్క చక్రానికి నడిచాడు. చరోదా రైల్వే యార్డులో ఆ ఆదివారం పొద్దుట ఆయన చూస్తున్న బండి అది. ఉక్కు ఫ్యాక్టరీ నుంచి పట్టాలు, ఇనప రేకులు నింపుకుని వచ్చి ఏడో లైనులో నిలబడింది. సాయంత్రం ఆరింటికి ఇంజను వచ్చి లాక్కుపోతుంది. మే నెల ఎండకి కంకర కాగి బూట్ల అడుగులు కాలుతున్నాయి.

ఇరవై తొమ్మిదేళ్లుగా ఆయన ఉద్యోగం ఇదే. చక్రం గట్టిదైతే దెబ్బకి ఖంగుమంటుంది, బీట ఉంటే చప్పగా పలుకుతుంది. ఆ తేడా పట్టడానికి చదువక్కర్లేదు, చెవి కావాలి. బొబ్బిలి దగ్గరి పల్లె నుంచి ఈ హిందీ ఊరికి వచ్చేటప్పుడు గురునాథరావు వెంట తెచ్చుకున్న ఆస్తి ఆ చెవులే. మనిషి పొట్టి, బక్కపలచన. రెండుసార్లు చూసినా గుర్తుండే మొహం కాదు. రిటైర్మెంటు ఫంక్షన్ల ఫోటోల్లో ఎప్పుడూ ఎవరి భుజం వెనకో సగం కనిపిస్తాడు. అయినా యార్డంతా ‘చెవి గురన్న’ అంటే తెలుసు. పక్క లైనులో ఇంజను కూత పెడుతున్నా తన చక్రం మాట తను వినేవాడని చెప్పుకునేవారు.

రెండేళ్లయింది ఆ వినికిడి తగ్గడం మొదలై. ముందు సైకిలు బెల్లు పోయింది, తర్వాత కుక్కర్ విజిల్. ఎదుటివాళ్ల పెదాలు చూసి నెట్టుకొస్తున్నాడు. చక్రం ఖంగుమనడం కూడా ఎప్పుడో పోయింది. పిడి తన్నే తీరును బట్టి చెయ్యే చెబుతోందని తనకు తనే నచ్చజెప్పుకున్నాడు. డాక్టరు అన్‌ఫిట్ అని రాస్తే సుత్తి తీసుకుని స్టేషన్లో నీళ్లకుండల దగ్గర కూర్చోబెడతారు. జీతానికి లోటుండదు. పేరు పోతుంది. ఆ ఒక్క పేరూ పోతే ఇంక తన దగ్గర ఏముందని ఆయన భయం. ఇంకో మూడేళ్లు గడిస్తే రిటైరవుతాడు. ఈ మూడేళ్లూ ఎలాగోలా లాక్కురావాలని, ఒంట్లో ఓపిక లేకపోయినా, రోజూ లేచి వస్తున్నాడు.

రెండింటికి షిఫ్టు దిగి ఇంటికొచ్చాడు. భార్య నూకమ్మ అన్నం వడ్డించి, వెల్లుల్లి కాచిన నూనె తెచ్చింది.

“నాల్రోజులయింది, మందేసినా గునం నేదేటి?” అంది గట్టిగా.

“అరవకే. ఇనబడతంది,” అన్నాడు, ఆమె పెదాల మీంచి చూపు తిప్పకుండానే.

నాలుగింటికి రైల్వే కాలనీలో తెలుగువాళ్ల భజన గదికి వెళ్లాడు. అప్పటికే తగువు ముదిరింది. వాద్యాల్లో ఏది గొప్పదని మూడేళ్లుగా తెగని తగువు అది. ఎవరి పిచ్చి వారికానందం.

“డోలక్కు నేకపోతే పాటకి కాళ్లుండవు,” అన్నాడు షెడ్డులో ఫిట్టర్ చినబాబు, డోలక్ ఒళ్లో పెట్టుకుని.

“కాళ్లుంటే సరా? దారి తెలియాలి కదయ్యా. హార్మోనియం పక్కన పెట్టి పాడండి, ఒక్కొక్కరిదీ ఒక్కో శ్రుతి అవుతుంది,” అన్నారు రామమోహనరావు. సెక్టర్ 4లో ఉంటారు. ఉక్కు ఫ్యాక్టరీలో ఇంజనీరు. ఆదివారం ఆదివారం స్కూటర్ వెనక పెట్టె కట్టుకుని వస్తారు.

“మీరిద్దరూ ఏ ఏపుకెళ్లినా లాక్కొచ్చి నిలబెట్టీది నా తాళాలండి,” అన్నాడు రాజాబాబు. గురునాథరావు దగ్గరే సుత్తిపని నేర్చుకున్నవాడు, ఆయన్ని మావయ్యా అని పిలుస్తాడు. ఆ సాయంత్రం షిఫ్టు లేదు.

“అవొక వాద్యవేట్రా? రెండు ఇత్తడి సిప్పలు!” అన్నాడు చినబాబు.

రాజాబాబుకి పౌరుషం వచ్చింది. “మన గురన్న మావయ్యనే తేల్చమందాం. ఆ సెవికి మించిన కోర్టు నేదు. గోడేపు తిరిగి కూకో మావయ్యా. మా మొకాలు సూస్తే మొగమాటపడిపోతావు.”

అందరూ బాగుందన్నారు. ఆయన కాదనలేక గోడవైపు తిరిగి కూర్చున్నాడు. ఎదురుగా సున్నం పెచ్చులు తప్ప ఏమీ లేవు. ఒక్క పెదవీ లేదు, ఒక్క చెయ్యీ లేదు.

డోలక్ మోగింది. అది నేలలోంచి తొడల్లోకి ఎక్కింది, బతికాననుకున్నాడు. తర్వాత హార్మోనియం, దూరపు గదిలోంచి వచ్చినట్టు, మెట్టు మెట్టుకీ కొన్ని స్వరాలు జారిపోతూ వచ్చింది. తర్వాత అంతా నిశ్శబ్దం. రాజాబాబు సిద్ధమవుతున్నాడనుకుని ఎదురుచూశాడు. ఎంతకీ మొదలవలేదు.

“ఏటిరా, తాళాలు మొదలెట్టవేటి?” అన్నాడు.

గదంతా ఘొల్లుమంది. ఆయన వెనక్కి తిరిగాడు. రాజాబాబు చేతుల్లో తాళాలు ఇంకా ఎత్తే ఉన్నాయి, నుదుటి మీద చెమట ఉంది. వాయించడం అయిపోయిందన్నమాట.

“తీర్పంటే ఇదిరా! తాళాలు వాద్యవే కాదన్నీసినాడు. సెవిటోడి ముందర శంకం ఊదినట్టయింది నీ పని,” అని చినబాబు పొట్ట పట్టుకుని నవ్వాడు. రామమోహనరావు కూడా కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. రాజాబాబు ఒక్కడే చిన్నబోయి తాళాలు గుడ్డలో చుట్టుకున్నాడు. మావయ్య వేళాకోళం చేశాడనే అనుకున్నాడు.

గురునాథరావు కూడా నవ్వబోయాడు. నవ్వితే సరిపోయేది, పేరు నిలిచేది. కానీ ఏడో లైనులోని బండి గుర్తొచ్చింది. మూడు గజాల్లో కొట్టిన తాళాలు వినపడనివాడు పొద్దున్న నలభై వ్యాగన్లు బాగున్నాయని సంతకం పెట్టాడు. గడియారంలో అయిదు కావస్తోంది.

“సుత్తి పట్టుకుని రారా నాతో,” అన్నాడు రాజాబాబుతో.

యార్డు ఆఫీసులో షిఫ్టు ఇన్‌స్పెక్టర్ ఏమైందన్నట్టు తల ఎత్తాడు. “క్యా హువా, గురునాథ్?”

“సాబ్, మేరా కాన్ చలా గయా. గాడీ రోక్ దీజియే,” అన్నాడు గురునాథరావు. తన చెవి పోయిందని, బండి ఆపించమని అనేశాడు. చెవి సంగతి ఇంకొకరితో అనడం అదే మొదలు. పక్కనే ఉన్న రాజాబాబుకి అప్పుడర్థమయింది.

“మావయ్యా, అక్కడ నువ్వు... నిజంగానేటి?”

“నువ్వు బాగానే వాయించుంటావు. పద.”

రాజాబాబు వరసగా కొట్టుకుంటూ వెళ్లాడు. గురునాథరావు పక్కన నడుస్తూ చక్రాల్ని కాక అతని మొహాన్నే చూశాడు. పందొమ్మిదో వ్యాగన్ దగ్గర ఆ మొహం మారింది. ఇంకోసారి కొట్టాడు, చెవి దగ్గర పెట్టి మరోసారి కొట్టాడు. జేబులోంచి సుద్ద తీసి, బీట ఉందని గుర్తుగా చక్రం మీద అడ్డగీతలు గీశాడు.

“నానే నేర్పినాను గదరా నీకు,” అన్నాడు గురునాథరావు. ఆ ఒక్కటీ ఆయనకి దక్కింది.

షంటింగ్ ఇంజను వచ్చి పందొమ్మిదోదాన్ని విడదీసి రిపేరు లైనులో వదిలింది. మిగతా బండి గంటన్నర ఆలస్యంగా, దీపాలు పెట్టే వేళకి కదిలింది. గురునాథరావు తన సుత్తి ఆఫీసులో అప్పజెప్పి, పొద్దున్నే డాక్టరు దగ్గరికి వెళ్లాలని రాసిచ్చిన కాగితం మడిచి జేబులో పెట్టుకుని, పట్టాలు దాటి కాలనీ వైపు నడిచి వెళ్లిపోయాడు. వెనక రిపేరు లైను మీద ఆ వ్యాగన్ ఒక్కటే మిగిలింది, పక్క వ్యాగన్ నుంచి విడిపోయి వేలాడే దాని లంకె గొలుసు ఊగుతూ ఇనుముకి తగిలి సన్నగా మోగుతూ.