దానయ్య పళ్ళ మధ్య

నేను ఒక గమ్ షీల్డును. బాక్సింగు ఆడేవాళ్ళు దెబ్బలకు పళ్ళు రాలకుండా పై వరసకు తొడుక్కుంటారే, ఆ రబ్బరు ముక్కను. నా బతుకంతా ఒక మనిషి నోట్లో గడిచింది. అందుకని నా కథలో మర్యాద కాస్త తక్కువై, ఎంగిలి కాస్త ఎక్కువైతే ఏమీ అనుకోకండి.

ఏ ఊళ్ళో అచ్చు పోశారో నాకు తెలియదు. విశాఖపట్నంలో ఒక ఆటసామాన్ల కొట్లో, క్యారమ్ బోర్డుల పక్కన మేకుకు వేలాడుతుండగా పోలిరాజు నన్ను కొన్నాడు. నా అసలు పుట్టుక ఆ తరవాత జరిగింది. పొయ్యి మీద నీళ్ళు మరగబెట్టి నన్ను అందులో ముంచాడు. మెత్తబడ్డాక తీసి, ఉఫ్ ఉఫ్‌మని ఊది, చెల్లెలి మొగుడు దానయ్య నోట్లో పెట్టాడు.

"కొరుకు. గట్టిగా కొరుకు" అన్నాడు.

దానయ్య కొరికాడు. అతని వంకర కోరపన్నూ, సగం విరిగిన ముందుపన్నూ నాలోకి దిగిపోయాయి. అలా ఒకసారి కొరికించుకున్నాక ఇంకో నోటికి నేను పనికిరాను. మనుషులు అగ్నిసాక్షిగా చేసుకునే ఒప్పందాలు చాలా విన్నాను గాని, వాటిలో ఏదీ ఇంత గట్టిది కాదు.

వాసుపల్లి దానయ్య చేపలరేవు దగ్గర పేటవాడు. పోలిరాజు అతని భార్య నూకాలుకు అన్న. రింగు మూలన నిలబడి నీళ్ళిచ్చేదీ, చిట్లిన కనుబొమకు మందు అద్దేదీ, ప్రతి రౌండుకూ ముందు నన్ను కడిగి దానయ్య నోట్లో పెట్టేదీ అతనే. ఊళ్ళు తిరిగేటప్పుడు తమ ఇద్దరికీ పోలిరాజే వైద్యుడు, వంటవాడు, రైలు టిక్కెట్లు తీసేవాడు.

దానయ్య ఉద్యోగం ఓడిపోవడం. నవ్వకండి, అదీ ఒక ఉద్యోగమే. హైదరాబాదులోనో గోవాలోనో ఒక కుర్రవాడు పైకి వస్తుంటాడు. వాడికి బ్యానర్లు, డప్పులు, మెడలో పూలదండలు. వాడు గెలుస్తూ పోవాలంటే ఎవరో ఒకరు ఓడుతూ పోవాలి కదా! ఆ ఎవరో ఒకరు దానయ్య. ఫోను వస్తే రైలెక్కుతాడు. బయటివాడికిచ్చే నీలి మూలలోంచి రింగులోకి దిగుతాడు. చివర్లో రిఫరీ ఎర్ర మూల కుర్రవాడి చెయ్యి పైకెత్తుతాడు. మళ్ళీ రైలెక్కుతాడు. పోస్టరు మీద ఎదుటివాడి బొమ్మ నిలువెత్తున ఉంటుంది. ఇతనిది ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. ఒకసారి ఎవరిదో వేరే మనిషి ఫోటో వేశారు. పోలిరాజు చిందులు తొక్కాడు గాని, దానయ్య మాత్రం "ఒగ్గీ బావా, నాకన్నా బాగున్నాడు" అన్నాడు.

ఓడిపొమ్మని ఎవరూ చెప్పరు. చెప్పనక్కర్లేదు కూడా. ఒకసారి విజయవాడలో పొరపాటున గెలిచాడు. ఎదుటి కుర్రవాడు గెడ్డం గాలికి వదిలేసి మీదికి వచ్చాడు, దానయ్య కుడిచెయ్యి అలవాటు కొద్దీ లేచింది. కుర్రవాడు నిలువునా కూలిపోయాడు. హాల్లో డప్పులు ఆగిపోయాయి. దానయ్య గుండె దడదడలాడటం నాకు పళ్ళలోంచి తెలిసింది. అది సంతోషం కాదు, భయం. భయపడినట్టే అయింది. ఆ ఏడాది మళ్ళీ ఫోను మోగలేదు. రొయ్యల ఫ్యాక్టరీలో కూలికి చేరి, మంచుగడ్డల మధ్య చేతులు కొంకర్లు పోతుంటే, "ఎందుకు కొట్టీసినాను బావా" అని పోలిరాజు దగ్గర వాపోయాడు. గెలిచినందుకు ఏడ్చిన మనిషిని మీరెవరైనా చూశారా? నేను చూశాను.

ఆ తరవాత అతను మరీ జాగ్రత్తపడ్డాడు. తన దెబ్బకు ఎదుటివాడి మోకాళ్ళు వదులైతే చటుక్కున వాటేసుకుని నిలబెట్టేవాడు. చూసేవాళ్ళు అలసిపోయి పట్టుకున్నాడనుకునేవారు. ఆ కౌగిట్లో నా మీదుగా పాఠాలు సాగేవి. "గెడ్డం దించు. ఊపిరి ఒగ్గు. ఎడమ సెయ్యి కిందకి జారిపోతంది, సూసుకో." ఎందరో కుర్రాళ్ళకు అతను చెప్పినవి వాళ్ళ గురువులు కూడా చెప్పలేదు. తరవాత వాళ్ళు టీవీలో కనిపించి, తమ గురువులకు పాదాభివందనాలు చెప్పుకునేవారు.

ఇక అతనికి నేను చేసిన ఉపకారం. తల దిమ్మెక్కి, రింగు గిర్రున తిరుగుతున్నప్పుడు దానయ్య నన్ను ఉమ్మేసేవాడు. గమ్ షీల్డు లేకుండా ఆట సాగకూడదు. రిఫరీ ఆట ఆపి నన్ను మూలకు పంపిస్తాడు. పోలిరాజు నన్ను అభిషేకం చేసినట్టు నింపాదిగా కడుగుతాడు. ఆ కాస్త వ్యవధిలో దానయ్యకు కాళ్ళు నేల మీద ఆనుతాయి. కావాలని ఉమ్మాడని రిఫరీకి తోస్తే ముందు మందలిస్తాడు, తరవాత పాయింటు కోస్తాడు. ఎలాగూ ఓడేవాడికి పాయింటు పోతే ఏమిటి, ఉంటే ఏమిటి? కానీ అక్కడితో ఆగకపోతే ఆటే ఆపేస్తాడు. దానికి మాత్రం దానయ్య భయపడేవాడు.

ఎందుకంటే ఓడేవాడికి ఉన్న ఒకే ఒక్క పరువు, చివరి గంట దాకా నిలబడటం. అన్నేళ్ళూ అతను నిలబడ్డాడు. ముప్పై ఆరు దాటాక ఒకదాని వెంట ఒకటిగా రెండు పోటీల్లో మధ్యలోనే పడిపోయాడు. పోటీలు జరిపించే సన్యాసినాయుడు అతన్ని పిలిచి కాఫీ ఇప్పించి మరీ చెప్పాడు. "మా వాడికి ఆరు రౌండ్లు ఆడే మనిషి కావాలి దానయ్యా, రెండో రౌండులో పడుకునేవాడు కాదు. ఈసారి కూడా పడిపోయావంటే ఇంక నిన్ను పిలవను."

ఇంటి దగ్గర కథ వేరు. దానయ్య అన్నం తిన్న కాసేపటికే మళ్ళీ వచ్చి కంచం ముందు కూర్చునేవాడు. పుట్టి పెరిగిన పేటలో ఏ సందులోకి తిరగాలో తెలియక నిలబడిపోయేవాడు. నాయుడు చెప్పిన పోటీకి హైదరాబాదు బయల్దేరే రోజున నూకాలు అన్నగారి చెయ్యి పట్టుకుంది.

"అన్నయ్యా, ఓడిపోతే ఓడిపోనీ. మనిషిని మనిషిలా తీసుకొచ్చీ. నాకూ పిల్లకీ ఇంకేటీ వొద్దు."

"తీసుకొస్తాన్లే" అన్నాడు పోలిరాజు.

అటు నాయుడి మాట, ఇటు చెల్లెలి మాట. అడకత్తెరలో పోకచెక్క అని నన్ను అనాలి గాని, ఆ రోజు ఆ మాట పోలిరాజుకే సరిపోయింది. రైల్లో బతిమాలి చూశాడు కూడా. "ఈ ఒక్కపాలికి మానీరా, ఒంట్లో బాగోలేదని సెప్పీద్దాం." దానయ్య కిటికీలోంచి చూస్తూ, "ఇది కూడా సేతకాదంటే నానేటి సేస్తాను బావా? నాకొచ్చింది ఇదొక్కటే" అన్నాడు.

పోటీ ఒక ఫంక్షన్ హాల్లో. పెళ్ళి వేదిక తీసేసి అక్కడే రింగు కట్టారు. ఎదుటి కుర్రవాడి పేరు మణిదీప్. ఓటమి ఎరగనివాడు, మంచి బలం ఉన్నవాడు. మొదటి మూడు రౌండ్లూ దానయ్య తన విద్యంతా చూపించాడు. తాళ్ళకు ఆనుకుని దెబ్బలను భుజం మీద జారవిడిచాడు, చేతుల మధ్య ఇరికించాడు, మధ్యమధ్య పాఠం చెప్పాడు. మణిదీప్ కూడా బుద్ధిగా విన్నాడు.

నాలుగో రౌండులో దానయ్యకు చెవి పైన ఒక దెబ్బ తగిలింది. లోపల ఏదో కదిలిపోయింది. ఎప్పుడూ ఒకే తీరున నన్ను పట్టుకునే దవడ ఒక్కసారిగా వదులైంది. దానయ్య నన్ను ఉమ్మేశాడు. పోలిరాజు కడిగాడు. అతని భుజం మీద తువ్వాలు ఉంది. అది రింగులోకి విసిరితే చాలు, ఆట ఆగిపోతుంది. విసిరితే దానయ్య మళ్ళీ రింగు మొహం చూడడు. ఆ తువ్వాలు అంచును వేళ్ళతో నలిపి నలిపి వదిలేసి, నన్ను మళ్ళీ నోట్లో పెట్టాడు. విసరరా, విసిరెయ్యరా అని నా మనసు ఘోషించింది. రబ్బరు ముక్క ఘోష ఎవరికి వినిపిస్తుంది?

అయిదో రౌండులో మళ్ళీ ఉమ్మాడు. రిఫరీ పాయింటు కోసి, వేలు చూపించి గట్టిగా చెప్పాడు. "మళ్ళీ ఉమ్మితే ఆపేస్తా." ఇక నేను అక్కరకు రాని చుట్టాన్ని. దానయ్యకు నా అవసరం అంతకు ముందెన్నడూ లేనంతగా ఉన్నప్పుడే నేను నోట్లోంచి కదలడానికి వీల్లేదు. ఆరో రౌండంతా అతను నన్ను కొరికి పట్టుకున్నాడు. వెనక పళ్ళ దగ్గర నేను చిరిగిపోయాను. దెబ్బ పడ్డప్పుడల్లా నెత్తురూ చొంగా కలిసి నా మీదుగా కారాయి. జనం లేచి నిలబడి అరుస్తున్నారు. ఓడేవాడి కోసం వాళ్ళు అలా అరవడం నేనెప్పుడూ వినలేదు.

మణిదీప్‌కు భయం వేసింది. వాటేసుకున్నప్పుడు అతని గొంతు నాకు దగ్గరగా వినిపించింది.

"అన్నా, పడిపో అన్నా. నీ కాళ్ళు మొక్కుతా. నాకు భయమైతుంది."

"పడను. కొట్టు."

"మా సార్ గట్టిగ కొట్టమంటుండు. నీకేమన్నైతే ఎట్లన్నా?"

"గెడ్డం దించి కొట్టు" అన్నాడు దానయ్య.

గంట మోగింది. దానయ్య నిలబడే ఉన్నాడు. ముగ్గురు న్యాయనిర్ణేతలూ గెలుపు మణిదీప్‌కే ఇచ్చారు, అది అందరికీ తెలిసిందే. మణిదీప్ ఏడుస్తూ వచ్చి కౌగిలించుకున్నాడు. సన్యాసినాయుడు తాళ్ళ మధ్య నుంచి దూరి వచ్చి భుజం తట్టాడు. "శభాష్! వచ్చే నెల గోవాలో ఇంకో కుర్రాడున్నాడు, నువ్వే రావాలి."

పోలిరాజు నన్ను తీసి గుప్పిట్లో పెట్టుకున్నాడు. దానయ్యను నడిపించుకుంటూ వరండాలో ఒక స్తంభం చాటుకు తీసుకెళ్ళాడు. లోపల డాక్టరమ్మ పరీక్ష చేస్తుంది. ఆవిడ సరేనంటేనే తరవాతి పోటీకి వెళ్ళగలడు. తలకేమైనా అయిందేమోనని ఏ ఊళ్ళో అయినా డాక్టర్లు అడిగేవి అవే మూడు ప్రశ్నలు. పోలిరాజు వాటిని ఎక్కాల్లా వల్లె వేయించాడు.

"ఈయాల ఆదోరం. ఊరు హైదరాబాదు. ఆడినోడు మణిదీప్. సెప్పు."

"ఆదోరం. హైదరాబాదు. మణిదీప్."

"ఇంకోపాలి."

"ఆదోరం. హైదరాబాదు. మణిదీప్."

డాక్టరమ్మ పెళ్ళికూతురి గదిలో, బల్బులు వెలిగే అద్దం ముందు కూర్చుంది. కళ్ళలో లైటు వేసి చూసింది, వేలు పట్టుకోమంది, ఆ మూడూ అడిగింది. దానయ్య తడుముకోకుండా అప్పజెప్పాడు. "సరే, రెండు రోజులు విశ్రాంతి తీసుకోండి" అని ఆవిడ సంతకం పెట్టింది.

పోలిరాజు బయటికొచ్చి గోడకానుకుని ఊపిరి వదిలాడు. గట్టెక్కామనుకున్నాడు పాపం. హాల్లో మైకులో తరవాతి పోటీ పేర్లు చదువుతున్నారు. ఆ గొంతు వినగానే దానయ్య తలెత్తాడు. రెండు చేతులూ పోలిరాజు ముందుకు చాచాడు.

"బేగి కట్లు కట్టు బావా. మనల్ని పిలిసేస్తన్నారు."

పోలిరాజు ఆ చేతుల వంక చూశాడు. గ్లవుల కింద చుట్టి విప్పేసిన గుడ్డ కట్ల చారలు వాటి మీద ఇంకా ఎర్రగా ఉన్నాయి. "అయిపోయింది కదరా" అన్నాడు మెల్లగా. దానయ్య నవ్వాడు. "ఏటి అయిపోయింది? కట్టు బావా."

పోలిరాజు గుప్పిట బిగుసుకుంది. నేను మడతలు పడ్డాను. అతను దానయ్యను భుజం పట్టుకుని వెనక్కి తిప్పి, మళ్ళీ ఆ గదిలోకే తీసుకెళ్ళాడు. నాయుడు అక్కడే డాక్టరమ్మతో మాట్లాడుతున్నాడు.

"అమ్మా, ఇందాక ఈడు సెప్పినవన్నీ నాను నేర్పినవి" అన్నాడు పోలిరాజు. "ఈడికేటీ తెలీదు."

నాయుడు ఉలిక్కిపడ్డాడు. "నీకేమైనా మతిపోయిందా? ఆవిడ కాదని రాసిందంటే ఈ దేశంలో ఇంకెక్కడా రింగు ఎక్కనివ్వరు. వాడి నోటి కాడ కూడు తీస్తావా?"

"తీస్తాను బాబూ. మా సెల్లికి మాటిచ్చాను."

డాక్టరమ్మ పెన్ను పక్కన పెట్టింది. దానయ్యను కుర్చీలో కూర్చోబెట్టి, ఈసారి తొందరపడకుండా, ఎవరూ నేర్పని ప్రశ్న అడిగింది.

"మీకు పిల్లలున్నారా?"

"ఉంది. ఒక్క పిల్ల" అన్నాడు దానయ్య. ఆ మాట అంటుంటే చిట్లిన పెదవులు విచ్చుకున్నాయి.

"పాప పేరేంటి?"

దానయ్య నోరు తెరిచాడు. నాలుక కదిలింది, పెదవులు కదిలాయి, మాట రాలేదు. కాసేపు అద్దంలోకి చూశాడు. తరవాత పోలిరాజు వైపు తిరిగి, ఎప్పటిలాగే అందిస్తాడని నమ్మకంగా చూస్తూ కూర్చున్నాడు. పోలిరాజు నన్ను గుప్పిట్లో నలిపేస్తూ, పిల్ల పేరు గొంతు దాకా వచ్చినా, పెదవి విప్పలేదు.